అవకాశం కూడా జీతమేనా?

2025 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, ఈసీహెచ్‌ఎల్ ఐస్ హాకీ లీగు ఆటగాళ్లు సమ్మెకు దిగారు. ఎంతో కాలం సాగలేదు. ఒకటి రెండు రోజుల్లోనే తాత్కాలిక ఒప్పందం కుదిరి ఆటలు మళ్లీ మొదలయ్యాయి. అమెరికా పత్రికల్లోనూ అది పక్క కాలమ్ వార్తే. మా ఇంట్లో మాత్రం దాని మీద మొదలైన వాదన సంక్రాంతి దాటినా తెగలేదు. “ఇష్టమైన ఆట ఆడుకుంటున్నారు. ఉండటానికి ఇల్లిస్తున్నారు. బాగా ఆడితే పైకి వెళ్లే దారి ఉంది. ఇంకా జీతం చాలదంటే ఎలా?” అన్నారు మా బావగారు. ఆయన మనసు మంచిదే. ఈ మాట ఆయన ఒక్కరిదీ కాదు. నేను ఆటకు తీసుకెళ్లిన తెలుగు మిత్రుల్లో దాదాపు ప్రతి ఒక్కరూ మొదటి పీరియడ్ ముగిసేలోపు ఒకటే ప్రశ్న అడుగుతారు: “వీళ్లలో ఎంతమంది ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్తారు?”

ఉత్తర అమెరికాలో ఎన్‌హెచ్‌ఎల్ అన్నిటికన్నా పైది. దాని కింద ఏహెచ్‌ఎల్, ఆ కింద ఈసీహెచ్‌ఎల్. 1988లో 5 జట్లతో పుట్టిన ఈ మూడో మెట్టు లీగు ఇప్పుడు 30 జట్ల దాకా పెరిగింది. అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు ఒక్కో జట్టు 72 ఆటలు ఆడుతుంది. సమ్మెకు ముందు చాలా ఏళ్లు కొత్త ఆటగాడి కనీస జీతం వారానికి 500 డాలర్ల చుట్టుపక్కలే తిరిగింది. అదీ సీజన్ ఉన్నన్నాళ్లే. వేసవిలో పిల్లల శిబిరాల్లో స్కేటింగ్ నేర్పేవారు, తోటపని చేసేవారు, మామగారి కొట్లో కూర్చునేవారు ఉంటారు. 2024-25లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస వార్షిక జీతం 7,75,000 డాలర్లు.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధాన్ని ‘అవకాశం’ అనే ఒక్క మాటతో పూడుస్తున్నారన్నది నా ఫిర్యాదు. పైకి వెళ్లొచ్చు అన్న ఆశను జీతంలో ఒక భాగంగా లెక్కగట్టి, అంత మేరకు చేతికిచ్చే డబ్బు తగ్గించుకుంటున్నారు. ఆ ఆశ నిజమయ్యేది కొందరికే. కోత మాత్రం అందరి జీతాల్లోనూ పడుతోంది.

మా ఊరి జట్టు

డాలస్‌కు ఉత్తరాన అలెన్, ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతంలో తెలుగువాళ్ల సంఖ్య ఎంతో చెప్పనక్కర్లేదు, శనివారం పొద్దున ఏ గుడి పార్కింగులో చూసినా తెలుస్తుంది. కానీ అలెన్ అమెరికన్స్ అనే జట్టు ఒకటుందని, తాము సినిమా పాటల కచేరీకి వెళ్లిన హాల్లోనే అది ఆడుతుందని చాలామందికి తెలియదు. కచేరీ రోజున ఐసును కరిగించరు. దాని మీద పలకలు పరిచి, పలకల మీద కుర్చీలు వేస్తారు. ముందు వరుసలో ఖరీదైన టిక్కెట్టు కొనుక్కున్నవాళ్లు పాదాలు జివ్వుమంటున్నాయని ఏసీని తిట్టుకుంటారు.

ఈ జట్టు చరిత్ర చిన్నదే అయినా చప్పగా ఉండదు. 2009లో సెంట్రల్ హాకీ లీగులో మొదలైంది. 2013, 2014లో ఆ లీగు విజేత. 2014 అక్టోబరులో, సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు, ఆ లీగే మూతపడింది. మిగిలిన 7 జట్లనూ ఈసీహెచ్‌ఎల్ చేర్చుకుంది. కొత్త లీగులో అడుగుపెట్టిన ఏడాదే అలెన్ లీగు విజేతకిచ్చే కెల్లీ కప్ గెలిచింది, మరుసటి ఏడాది 2016లో మళ్లీ గెలిచింది. రెండు లీగుల్లో కలిపి వరసగా నాలుగు టైటిళ్లు. ఆ తర్వాత ఇంతవరకు ఇంకోటి లేదు. అయినా జనం వస్తున్నారు.

ఎందుకు వస్తున్నారు అన్నది నా వాదనకు కీలకం. రేపటి ఎన్‌హెచ్‌ఎల్ తారలను ఈరోజే చూసుకోవడానికని లీగు ప్రచారం చెబుతుంది. అదే నిజమైతే ఒక తమాషా సంగతి వివరించాలి. మాకు అరగంట దూరంలో డాలస్ స్టార్స్ అనే ఎన్‌హెచ్‌ఎల్ జట్టుంది. ఈసీహెచ్‌ఎల్‌లో ఆ జట్టుకు అనుబంధం మా అలెన్ కాదు, ఎక్కడో ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో ఉన్న స్టీల్‌హెడ్స్. మా జట్టు కొన్ని సీజన్లు కెనడా రాజధాని ఒట్టావా జట్టుకు అనుబంధంగా ఉంది. అంటే మా కళ్ల ముందు బాగా ఆడి పైకెళ్లే కుర్రాడు మా ఊరి పెద్ద జట్టుకు ఆడడు, దేశం దాటి వెళ్తాడు. ఈ అనుబంధాల చిట్టా స్టాండ్లలో కూర్చున్న పదిమందిని అడిగితే ఇద్దరు కూడా సరిగ్గా చెప్పలేరు. వాళ్లకు కావలసింది ఈ రాత్రి పొరుగు జట్టు తుల్సా మీద గెలుపు.

ఒహాయోలోని టొలీడో వాలై సంగతి ఇంకా విడ్డూరం. ఒక చేప పేరు పెట్టుకున్న ఆ జట్టు ఇంతవరకు కెల్లీ కప్ గెలవలేదు. 2019లో, 2022లో, 2025లో ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయింది. అయినా ప్రేక్షకుల సంఖ్యలో లీగులో ముందు వరుసలో ఉంటుంది. టైటిలూ రాకపోయె, తారలూ నిలవకపోయె. అయినా హాలు నిండుతోందంటే అక్కడ అమ్ముడవుతున్నది అవకాశం కాదు, ఆ రాత్రి ఆట. ఆ ఆటను తయారుచేస్తున్నది ఐసు మీద ఉన్నవాళ్లు.

నాకు బాగా గుర్తున్న దృశ్యం ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నం ఆట. ఈ లీగులో శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు ఆటలు ఆడటం మామూలే. టికెట్లు అమ్ముడయ్యేది వారాంతంలోనే కాబట్టి ఆటలన్నీ అక్కడే కుక్కుతారు. పొరుగు జట్టంటే తుల్సా, దాదాపు 400 కిలోమీటర్లు. విచిటా ఇంకా దూరం. ర్యాపిడ్ సిటీ అయితే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్నంత దూరం. ఎక్కువగా బస్సులోనే. ఆ ఆదివారం మూడోదీ ఆఖరిదీ అయిన పీరియడ్ చివర్లో మావాళ్లు 5-1తో వెనకబడి ఉన్నారు. రెండు నిమిషాల ఆటుంది. సగం మంది పార్కింగు రద్దీ తప్పించుకోవడానికి లేచిపోయారు. అవతలి డిఫెన్స్ ఆటగాడు నీలిగీత దగ్గర నుంచి స్టిక్ ఎత్తి బలంగా కొట్టాడు. మావాడొకడు, వయసులో జట్టందరికీ పెద్ద, ఆ పక్‌కు అడ్డంగా కింద పడ్డాడు. పక్ అంటే గట్టి రబ్బరు ముద్ద. మడమ పక్కన, బూటు పైన రక్షణ పలచగా ఉన్నచోట తగిలింది. ఆ చప్పుడు మేం కూర్చున్న వరుస దాకా వినిపించింది. లేవబోయి పడ్డాడు, మళ్లీ లేచి ఒంటికాలి మీద జారుకుంటూ బెంచీకి చేరాడు. తలుపు తీసి పట్టుకున్న కుర్రాడు ఏమీ అనలేదు, భుజం మీద గ్లోవుతో తట్టాడు.

ఓడిపోయిన ఆటలో ఆ పక్‌కు ఎందుకు అడ్డం పడాలి? పై లీగులకు ఆటగాళ్లను వెతికే స్కౌట్ ఉన్నా, ఆ వయసువాణ్ణి రాసుకోడు. పైకి వెళ్లే అవకాశం అతనికి ఎప్పుడో ముగిసింది. మా బావగారి లెక్క ప్రకారం అతని జీతంలో సగం అప్పటికే లేదన్నమాట.

నలుగురికి మించరాదు

ఈ లీగులో ఒక నిబంధన ఉంది. సీజన్ మొదలయ్యేనాటికి ప్రొఫెషనల్ లీగుల్లో 260 రెగ్యులర్ సీజన్ ఆటలు దాటినవాడు వెటరన్. ఒక జట్టు ఆడించే బృందంలో వెటరన్లు నలుగురికి మించకూడదు. గోలు కాసే గోలీలకు మాత్రం మినహాయింపు. గాయాలు లేకుండా నాలుగు సీజన్లు ఆడినవాడు ఆ గీత దాటేస్తాడు. అంటే పని బాగా నేర్చుకుని, ఒంట్లో సత్తువ ఉన్న సమయంలోనే, ఉద్యోగం దొరకడం కష్టమవుతుంది. నాలుగు కుర్చీలూ నిండిన జట్టుకు అయిదో అనుభవజ్ఞుడు ఎంత మంచివాడైనా అక్కర్లేదు.

దీనికి లీగు చెప్పే కారణం అందరికీ తెలిసిందే: ఇది కుర్రాళ్లను తయారుచేసే లీగు, పెద్దవాళ్లు తిష్ఠ వేస్తే వాళ్లకు చోటుండదు. నేను దీన్ని కొట్టిపారేయలేను. ఈ నిబంధన లేకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ప్రతి జట్టూ ముప్ఫై దాటినవాళ్లతో నిండిపోతుంది. కాలేజీ నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఇంకా కింది లీగుకు పోతాడు. ఈ లీగులో ఆడి ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్లినవాళ్లు 700 మందికి పైగా ఉన్నారు. 2012లో లాస్ ఏంజెలిస్‌కు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ తెచ్చిన గోలీ జొనాథన్ క్విక్ రెడింగ్‌లో ఆడాడు. 2019లో సెయింట్ లూయీస్‌కు తెచ్చిన జోర్డన్ బినింగ్టన్, టాంపా బేతో రెండుసార్లు గెలిచిన యానీ గోర్డ్ ఇద్దరూ ఈ లీగులోని కలమజూ జట్టు చొక్కా తొడిగినవాళ్లే. ఎన్‌హెచ్‌ఎల్ జట్లు ఏటా కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో ఎవరూ తీసుకోని అలెక్స్ బరోస్ ఈ లీగు బస్సుల్లో తిరిగి తిరిగి వాంకూవర్‌లో అభిమానుల కంటిపాపయ్యాడు. వీళ్లు అబద్ధం కాదు. వీళ్లకు చోటు దొరకడం మంచిదే.

కానీ ఈ నిబంధన ఇంకో పని కూడా చేస్తోంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. జీతం ఎక్కువ అడగగలిగేది అనుభవం ఉన్నవాడే. ఆ అనుభవజ్ఞులను నలుగురికి కట్టడి చేశాక మిగిలిన కుర్చీలన్నీ ఆశతో ఉన్న కుర్రాళ్లవి. ఆశ ఉన్నవాడు బేరమాడడు. పైగా జట్టు మొత్తానికి వారపు జీతాల గరిష్ఠ పరిమితి కూడా ఉంది. అంటే యజమాని ఇద్దామనుకున్నా చేతులు కట్టేసి ఉంటాయి. ఈ రెండు గోడల మధ్య, ఈ ఆటనే వృత్తిగా చేసుకుందామనుకునే మనిషికి చోటు మిగలదు. ‘ఇది దాటిపోయే మజిలీ మాత్రమే, ఇక్కడ స్థిరపడకండి’ అని ముందే చెప్పి, స్థిరపడనివ్వకుండా చేసి, స్థిరపడనివాడికి ఈ జీతం చాలదా అని అడుగుతున్నారు.

జారెడ్ బెడ్నార్ సంగతి గుర్తుచేస్తే బావగారు “చూశావా, వెటరన్లకూ దారి ఉంది” అంటారు. ఆయన సౌత్ కరోలైనాకు ఆటగాడిగా కెల్లీ కప్పులు గెలిచాడు. కోచ్‌గా 2009లో అదే జట్టును గెలిపించాడు, 2016లో ఏహెచ్‌ఎల్ కప్, 2022లో కొలరాడోతో స్టాన్లీ కప్. నిజమే, గొప్ప ప్రయాణం. కానీ నాకందులో కనిపించేది వేరు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడని మనిషి, ఈ మూడో మెట్టు మీద ఏళ్ల తరబడి నిలబడి ఆటను నేర్చుకున్నాడు. అలా నిలబడనివ్వడం వల్లే కదా బెడ్నార్ తయారైంది!

ఇంకో సంగతి. ఒకే జట్టులో, ఒకే బెంచీ మీద, జీతాలు రెండు రకాలుగా ఉంటాయి. ఎన్‌హెచ్‌ఎల్ ఒప్పందం మీద ఉన్న కుర్రాణ్ణి అభ్యాసం కోసం కిందికి పంపితే అతని జీతం పెద్ద జట్టే ఇస్తుంది. అది పక్కవాడి జీతానికి ఎన్నో రెట్లు. ఇద్దరూ అదే బస్సులో తిరుగుతారు, అదే పక్‌కు అడ్డం పడతారు. మడమ విరిగితే నొప్పి మాత్రం ఇద్దరికీ ఒకటే.

లీగు రోజూ విడుదల చేసే మార్పుల జాబితా చదవడం నాకు అలవాటైంది. ఎవరు గాయాల జాబితాలోకి వెళ్లారు, ఎవరిని వదిలేశారు, ఎవరిని ఎక్కడికి మార్చారు, అన్నీ ఒక్కో వాక్యంలో ఉంటాయి. అందులో తరచూ కనిపించే మాట ‘ఫ్యూచర్ కన్సిడరేషన్స్’. ఒక ఆటగాణ్ణి ఇంకో జట్టుకు ఇచ్చేశారు, బదులుగా ఏమిటంటే, తర్వాత చూసుకుందాం అని. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ అపార్టుమెంటు ఖాళీ చేసి కారు డిక్కీలో స్టిక్కులు సర్దుకుంటున్న మనిషి కనిపిస్తాడు. రేపు సాయంత్రానికి అతను ఎనిమిది గంటల దూరంలో ఇంకో చొక్కా వేసుకోవాలి. భార్య ఉద్యోగం ఈ ఊళ్లోనే ఉంటుంది.

గెస్ట్ హౌస్

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. హాకీ నా రక్తంలో ఏమీ లేదు, నేను ఐసును గోళీ సోడా కొట్టులో చూసినవాణ్ణి. కారణం వేరే ఉంది.

చదువు అయ్యాక, విద్యార్థులను కొంతకాలం పనిచేయనిచ్చే ఓపీటీ మీద ఈ ఊరికి వచ్చినప్పుడు ఒక కన్సల్టెన్సీ గెస్ట్ హౌసులో ఉన్నాను. ఒక పడకగదిలో గాలి పరుపుల మీద నలుగురం. హాల్లో ఇంకో ఇద్దరు. వంతులవారీగా వంట, రాత్రి పన్నెండు దాటాక మాక్ ఇంటర్వ్యూలు. ప్రాజెక్టు దొరికేదాకా జీతం లేదు. దొరికాక వచ్చే బిల్లింగులో సింహభాగం యజమానిది. గట్టిగా అడిగితే వచ్చే జవాబు అక్షరం పొల్లుపోకుండా మా బావగారి జవాబే: “ఉండటానికి చోటిచ్చాం, హెచ్1బీ వేస్తాం, అవకాశం ఇస్తున్నాం కదా.” అవకాశం ఇచ్చిన మాట నిజమే. ఆ దారిలోనే నేనీ ఇంటిదాకా వచ్చాను. కానీ ఆ అవకాశానికి ధర మా జీతంలోంచి ముందే కోసుకున్నారన్నదీ అంతే నిజం. హెచ్1బీ లాటరీలో పేరు రాక వెనక్కి వెళ్లిపోయిన నా గది మిత్రుడు కూడా అదే ధర కట్టాడు. అతనికి సరుకు అందలేదు.

ఈసీహెచ్‌ఎల్ ఆటగాళ్లకు జట్టు ఇచ్చే అపార్టుమెంట్లు మా గెస్ట్ హౌసు కన్నా మెరుగ్గానే ఉంటాయి. అలాగని మిగతా పోలికలు తక్కువేమీ కాదు. వాళ్లలో కెనడా నుంచి వచ్చినవాళ్లు చాలామంది, వాళ్లకూ వీసా గోల ఉంటుంది. 2006 దాకా చిన్న లీగుల్లోని విదేశీ ఆటగాళ్లు హెచ్2బీ వీసా మీద రావలసి వచ్చేది. హోటళ్లలో, తోటపనుల్లో తాత్కాలికంగా పనిచేసేవాళ్ల కోటా అది, ఏడాదికి 66,000. ఆ కోటా అయిపోతే ఆటగాడైనా అంతే సంగతులు. 2006 డిసెంబరులో వచ్చిన చట్టం వాళ్లను క్రీడాకారులకిచ్చే పీ1 వీసా వర్గంలోకి మార్చింది. కోటా బెడద తప్పింది. కానీ వీసా జట్టు కాగితాలతో ముడిపడి ఉన్నప్పుడు, కెనడా కుర్రాడు జట్టుతో ఎంత గట్టిగా మాట్లాడగలడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒకసారి ఆట అయ్యాక పిల్లలను ఐసు మీదికి వదిలారు. ఆటగాళ్లతో కలిసి స్కేటింగ్ చేయొచ్చు, చొక్కాల మీద సంతకాలు తీసుకోవచ్చు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిపించినతను ఇంకా పూర్తిగా చెమటారని కుర్రాడు, మణికట్టుకు తెల్ల టేపు చుట్టి ఉంది. గోడకు ఆనుకుని నిలబడ్డ నన్ను ఏం పని చేస్తారని అడిగాడు. సాఫ్ట్‌వేర్ అన్నాను. వెంటనే, ఏదో ఒక ఆన్‌లైన్ కోర్సు పేరు చెప్పి, వేసవిలో అది చేస్తే ఉద్యోగం వస్తుందా అన్నాడు. మా ఊరి నుంచి తమ్ముళ్లు వాట్సాప్‌లో అడిగే ప్రశ్న అదే. వాళ్లకు చెప్పే జవాబే అతనికీ చెప్పాను: సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, చిన్నదో పెద్దదో నువ్వే ఏదో ఒకటి కట్టి చూపించు అని. అతను శ్రద్ధగా తలూపాడు. ఈలోగా మా అమ్మాయి జారి కూర్చుంది, ఒక్క చేత్తో ఎత్తి నిలబెట్టాడు.

ఎవరు రమ్మన్నారు?

ఇక అవతలి వాదన. బావగారిది బలహీనమైన వాదన కాదు, నేను దాన్ని సాగనంపేయదలచుకోలేదు.

మొదటిది, వీళ్లెవరూ గతిలేక రాలేదు. చాలామందికి కాలేజీ డిగ్రీలున్నాయి. కావాలంటే రేపే ఇంకో పని చూసుకోగలరు. ఒప్పుకుంటాను. కానీ వేరే పని చేయగలడు కాబట్టి ఈ పనికి తక్కువ ఇవ్వొచ్చు అన్న సూత్రం ఇంకెక్కడా చెల్లదు. బడిపంతులుకు పొలం ఉందని జీతం తగ్గిస్తామా?

రెండోది గట్టిది. యజమానుల దగ్గర డబ్బు లేదు. ఈ మెట్టు మీద జట్లు పుట్టి గిట్టడం రివాజు. మా టెక్సస్‌నే చూడండి: 1990ల చివర్లో అమరిల్లో, ఎల్ పాసో, వేకో, ఒడెస్సా, లబ్బక్, ఆస్టిన్, ఎండ మండే ఊళ్లన్నిటా ప్రొఫెషనల్ హాకీ జట్లు వెలిశాయి. వాటిలో చాలావాటి పేర్లు ఇప్పుడు పాత చొక్కాల మీద తప్ప కనబడవు. న్యూఫౌండ్‌లాండ్ గ్రౌలర్స్ అయితే పుట్టిన తొలి సీజన్‌లోనే, 2019లో, కెల్లీ కప్ గెలిచింది. 2024 ఏప్రిల్‌లో, సీజన్ ఇంకా పూర్తికాకుండానే, లీగు ఆ జట్టును రద్దు చేసింది. 2014లో అలెన్‌తో పాటు చేరిన 7 జట్లలో క్వాడ్ సిటీ 2018లో, బ్రాంప్టన్ 2021లో మూతపడ్డాయి. జీతాలు పెంచితే ఇంకో రెండు పోతాయి, అప్పుడు నలభై మంది కుర్రాళ్లకు ఆ 500 డాలర్లు కూడా ఉండవు అంటారు బావగారు. ఇక్కడ నేను కొంత తడబడ్డాను.

తర్వాత కాగితం మీద లెక్క వేశాను. సీజన్‌కు సొంత ఊళ్లో 36 ఆటలు. ఒక్కో ఆటకు 4,000 టికెట్లు అమ్ముడయ్యాయని అనుకుందాం. టికెట్టు మీద 2 డాలర్లు పెంచితే 2,88,000 డాలర్లు. 20 మంది ఆటగాళ్లకు పంచితే తలకు 14,400. ఆరు నెలల సీజన్‌కు వారానికి సుమారు 550. అంటే కనీస జీతం రెట్టింపు. బావగారు ఊరుకోలేదు: అందులో పన్నులున్నాయి, గాయాల బీమా ప్రీమియం జీతంతో పాటే పెరుగుతుంది, ఆ 4,000లో ఊరికే పంచిన టికెట్లు, బడిపిల్లల గ్రూపు టికెట్లు ఎన్నో అన్నారు. సరే, సగానికి సగం తగ్గించండి. అయినా వారానికి 275. బీరు గ్లాసు ధర ఇంతకన్నా ఎక్కువ పెరిగినప్పుడు ఎవరూ హాలు మానేయలేదు.

మూడో వాదన ఆయన పైకి అనలేదు గానీ మనందరి మనసులోనూ ఉంటుంది. మొదటి ర్యాంకు కానిది ఏదైనా ఓటమే అన్న లెక్క. మన ఇళ్లలో పిల్లవాడు చదరంగం ఆడితే విశ్వనాథన్ ఆనంద్ అవుతాడా అని అడుగుతాం, బ్యాట్ పట్టుకుంటే ఇండియాకు ఆడతాడా అని అడుగుతాం. మధ్యలో ఉన్నవాళ్లెవరూ మనకు కనబడరు. కానీ మనదగ్గర ఒకప్పుడు ఇలా లేదు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో ఆదివారాలు పక్కపక్కనే నాలుగైదు మ్యాచులు నడుస్తుండేవి. మా కాలనీలో ఒక మావయ్యగారు స్పోర్ట్స్ కోటాలో బ్యాంకు ఉద్యోగం తెచ్చుకుని, బ్యాంకు జట్టుకు లీగు మ్యాచులు ఆడేవారు. రంజీ దాకా వెళ్లలేదు. వెళ్లలేదని ఆయన గురించి ఎవరూ జాలిపడలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన ఆ ఆటగాళ్లు పోలీసు శాఖ జీతం మీద ఆడినవాళ్లే. మోకాలు అరిగాక కూడా ఆ జీతం ఆగదు.

ఆ పద్ధతిని పొగడటం నా ఉద్దేశం కాదు. కోటా ఉద్యోగాల్లో సిఫార్సులుండేవి, ఆట కన్నా రిజిస్టరే ముఖ్యమైపోయిన మంచి ఆటగాళ్లూ ఉన్నారు. అమెరికాలో అది కుదిరే పనీ కాదు. అయితే ఒక్క విషయంలో మనవాళ్లకు స్పష్టత ఉండేది. ఆ మావయ్యగారి జీతంలో ‘రేపు ఇండియాకు ఆడొచ్చు’ అనే పద్దు లేదు. ఆదివారం వికెట్ల వెనక నిలబడినందుకు ఇవ్వవలసింది ఆ నెలాఖరుకే ఇచ్చేవారు.

సమ్మె తర్వాత జీతాలు కొంత పెరుగుతాయి, మంచిదే. నాకు కావలసింది మాత్రం వెటరన్ నిబంధన మీద కదలిక. మొత్తం తీసేయమనను. అందులో కుర్రాళ్లకు జరిగే నష్టం నాకు తెలుసు. ఒకే ఊళ్లో వరసగా మూడు సీజన్లు ఆడినవాణ్ణి ఆ నలుగురి లెక్కలోంచి తప్పించండి, జట్టుకు ఒక్కడైనా సరే. జీతాల పరిమితిలో అతని జీతాన్ని సగమే లెక్కించండి. అప్పుడు ఊరి పిల్లలకు పేరు పెట్టి పిలవడానికి ఒక ఆటగాడు మిగులుతాడు, అతని భార్య ఈ ఊళ్లో ఉద్యోగం ధైర్యంగా చేసుకుంటుంది, కుర్రాళ్లకు మూడో పీరియడ్‌లో ఏం చేయాలో చూపించేవాడు బెంచీ మీద ఉంటాడు. యజమానికి దీనివల్ల ఖర్చు పెద్దగా పెరగదు. బావగారు ఈ ఒక్క ప్రతిపాదనకు మాత్రం ఒప్పుకున్నారు. మూడు సీజన్లు కాదు, అయిదు పెట్టమంటున్నారు. దాని మీద ఇంకా బేరం నడుస్తోంది.